బిస్కెట్ అమ్మకం ఆగదు సరే, డివిడెండ్‌తో ఇల్లు గడుస్తుందా?

మాస్టారూ, నమస్తే. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 58, ఇంకో నాలుగేళ్లలో రిటైర్మెంట్, గుంటూరు బ్రాడీపేటలో సొంతిల్లు, చేతిలో 15 లక్షలు. "కరోనాలో అన్నీ మూసేసినా జనం బిస్కెట్లు, నూడుల్స్, కాఫీపొడి కొనడం మానలేదు. అలాంటి కంపెనీల్లో డివిడెండ్ శాతం ఎక్కువ ఇచ్చేవి నాలుగు చూసి 15 లక్షలూ పెట్టేస్తే, రిటైరయ్యాక నెల ఖర్చు వెళ్లిపోతుందా?" అని అడిగారు. దుగ్గిరాల కాఫీ కంపెనీ షేర్లు కొన్ని ఇప్పటికే ఉన్నాయని కూడా రాశారు.

జనం మానరన్నది నిజమే. నేను విజయవాడలో 26 ఏళ్లు ప్యాకెట్ సరుకుల స్టాకిస్ట్‌గా చేశాను, ముందు వన్ టౌన్‌లో, తర్వాత గొల్లపూడిలో. నోట్ల రద్దుకీ లాక్‌డౌన్‌కీ కూడా బిస్కెట్ కేసులు ఆగలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్ల సీసాలు, పాల ప్యాకెట్లతో పాటు జనానికి పంచినవి బిస్కెట్ ప్యాకెట్లే. కాబట్టి సరుకు గురించి మనకు పేచీ లేదు. కానీ సరుకు పోవడం వేరు, దానిమీద కంపెనీకి డబ్బు మిగలడం వేరు, ఆ మిగిలింది డివిడెండ్‌గా మీ ఖాతాలో పడడం వేరు. అది పడడానికి మీరు ఎంత ధర పెట్టి షేరు కొన్నారన్నది మరీ వేరు. మీ ప్రశ్నలో మొదటిది ఒక్కటే ఉంది.

ముందు ఆ "డివిడెండ్ శాతం" సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే సగం మంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. కంపెనీలు డివిడెండ్ శాతాన్ని షేరు ముఖ విలువ (కంపెనీ పుస్తకాల్లో షేరుకు రాసుండే విలువ) మీద చెప్తాయి, మీరు కొన్న ధర మీద కాదు. బ్రిటానియా 2024-25కి షేరుకు 75 రూపాయలు ఇచ్చింది. ఆ షేరు ముఖ విలువ 1 రూపాయి. అంటే లెక్కప్రకారం 7,500 శాతం డివిడెండ్. వినడానికి ఎంత బావుందో చూడండి! మార్కెట్లో ఆ షేరు 5,500 ఉందనుకుందాం. 75ని 5,500తో భాగిస్తే వచ్చేది 1.36 శాతం. ఇదే మీకు అందే రాబడి. ముఖ విలువ ఒకరికి 1, ఒకరికి 2, ఇంకొకరికి 10 ఉంటుంది. నెస్లే ఇండియా 2024 జనవరిలో 10 రూపాయల షేరుని 1 రూపాయి షేర్లుగా విడగొట్టింది. కాబట్టి ఆ శాతాల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చడంలో అర్థమే లేదు. ఇకనుంచి పేపర్లో శాతం కనబడితే వదిలేసి, షేరుకు ఎన్ని రూపాయలో చూడండి.

ఇప్పుడు మీ 15 లక్షలు. 5,500 చొప్పున 272 షేర్లు వస్తాయి. 75 రూపాయల లెక్కన ఏడాదికి 20,400. నెలకు 1,700. ఇంత పెద్ద కంపెనీ, ఇంత మంచి కంపెనీ, నెలకు మీకిచ్చేది పాలబిల్లుకి కూడా బొటాబొటి. అదే డబ్బు మీకు 60 నిండాక పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీములో వేస్తే, ఇప్పటి 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 వస్తుంది, ఏడాదికి 1,23,000. ఏ టెన్షన్ లేదు, కేంద్ర ప్రభుత్వం పూచీ.

మరి ఈ షేర్లు ఎందుకు కొనాలి అంటారు. పోస్టాఫీసు ఇచ్చే 30,750 ఐదేళ్లూ 30,750 గానే ఉంటుంది, కందిపప్పు ధర మాత్రం అక్కడే ఉండదు. మంచి కంపెనీ డివిడెండ్ పెరుగుతుంది. ఆశంతా ఆ పెరుగుదల మీదే. కానీ ఎంత వేగంగా? 1.36 శాతంతో మొదలైనది ఏటా 12 శాతం చొప్పున పెరుగుతూ పోయినా, మీరు పెట్టిన డబ్బు మీద 8.2 శాతానికి చేరేసరికి దాదాపు 16 ఏళ్లు పడుతుంది. అప్పటికి మీకు 74. పైగా ఆ 12 శాతం ఎవరూ రాసివ్వలేదు. బ్రిటానియానే తీసుకోండి: 2021-22కి 56.50 ఇచ్చింది, మరుసటి ఏడు 72కి ఎగిరింది, ఆ తర్వాత 73.50, ఆ తర్వాత 75. ఒక దూకు, తర్వాత రెండేళ్లు నత్తనడక. నేను దాన్ని తప్పుపట్టడం లేదు, దాని నడక అలా ఉంది. నెల ఖర్చుకు దీనిమీద ఆధారపడేవాళ్లు ఈ నడక చూసుకోవాలి.

ఇక కంపెనీని ఎలా చూడాలన్న దగ్గరికి వస్తాను. ఇక్కడ పుస్తకాల్లో రాసే పాతిక నిష్పత్తులు చెప్పను. స్టాకిస్టు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే కనబడేదే చెప్తాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే.

మా దగ్గర ఒకే సమయంలో రెండు కంపెనీల ఏజెన్సీలు ఉండేవి. మొదటి కంపెనీకి డబ్బు ముందు కట్టాలి. మా ఖాతాలోంచి డబ్బు వాళ్ల ఖాతాకి వెళ్లాకే డిపోలో లారీ లోడింగ్ మొదలయ్యేది. ఒక్క రోజు అరువు లేదు. బతిమాలినా లేదు. మేం మాత్రం కిరాణా కొట్లకు వారం, పది రోజులు అరువిచ్చేవాళ్లం. ఆ అరువు భారమంతా మాదే. తిట్టుకుంటూనే 26 ఏళ్లూ చేశాం, ఎందుకంటే ఆ బిస్కెట్ లేకపోతే కొట్టువాడు మా బండినే ఆపడు. ఆలోచించండి: ఆ కంపెనీకి మైదా, నూనె సరఫరా చేసినవాళ్లకు డబ్బు తర్వాత ఇస్తుంది, మా దగ్గర ముందే వసూలు చేస్తుంది. ఎదుటివాళ్ల డబ్బుతో వ్యాపారం. అలాంటి చోట లాభం కాగితం మీద ఎంత ఉంటుందో బ్యాంకులోనూ అంతే ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువే ఉంటుంది. డివిడెండ్ ఇవ్వడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

రెండోది కారా, మిక్చర్ లాంటి చిరుతిళ్ల కంపెనీ. పేరు చెప్పను. వాళ్లు మాకు 45 రోజులు అరువిచ్చేవాళ్లు, నిలదీస్తే 60. మొదట్లో ఎంత మంచివాళ్లో అనుకున్నాను. ఒక మార్చి 29న, రాత్రి ఏడు దాటాక, నేను ఆర్డరే పెట్టని 300 కేసులతో లారీ వచ్చి గోడౌన్ ముందు ఆగింది. వెనకాలే సేల్స్ ఆఫీసర్ బైక్ మీద వచ్చాడు. "అన్నా, ఈ నెల టార్గెట్‌కి ఇదొక్కటే మిగిలింది, దింపుకో, ఏప్రిల్లో స్కీము ఇప్పిస్తా, ఎక్స్‌పైరీ అయితే క్లెయిము నేను చూసుకుంటా." పాపం పిల్లాడు, చెమటలు కక్కుతున్నాడు. దింపుకున్నాం. ఆ సరుకు గడువు నాలుగు నెలలు. బెజవాడ ఏప్రిల్, మే నెలలు మీకు తెలుసు కదా, రేకుల గోడౌన్లో నూనె సరుకు ఎన్నాళ్లు ఆగుతుంది? జూన్‌కి ప్యాకెట్ విప్పితే వాసన మారిపోయింది. మూడో వంతు తిరిగొచ్చింది, క్లెయిము డబ్బు ఏడాదిదాకా రాలేదు.

ఇందులో మీకు పనికొచ్చే విషయం ఏంటంటే, ఆ 300 కేసులు మా గోడౌన్లో దిగిన నిమిషమే ఆ కంపెనీ పుస్తకాల్లో అమ్మకమైపోయింది. దానిమీద లాభం కూడా మార్చి 31 లెక్కల్లో చేరిపోయింది. డబ్బు మాత్రం ఒక్క రూపాయి రాలేదు. ఒక్క నాకే కాదు, ఊరూరా ఇదే. ఆ ఏడాది కంపెనీ లాభం 20 శాతం పెరిగిందని చెప్పుకుంది, డివిడెండ్ కూడా గట్టిగా ప్రకటించింది, షేరు ధర మీద లెక్కేస్తే దాదాపు 6 శాతం.

నేనేం చేశానో చెప్తే నవ్వుతారు. ఆ షేర్లు కొన్నాను! లక్షా ఎనభై వేలు పెట్టి. ఆరు శాతం డివిడెండ్, తెలిసిన సరుకు, తెలిసిన కంపెనీ అనుకున్నాను. గోడౌన్లో కళ్ల ముందు కేసులు పేరుకుపోయి ఉన్నాయి, అయినా డీమ్యాట్ (షేర్లు ఉండే ఖాతా) దగ్గరికొచ్చేసరికి ఆ సంగతే తట్టలేదు. రెండేళ్లు డివిడెండ్ వచ్చింది, ఆ డబ్బు బ్యాంకు అప్పులోంచి వచ్చిందని తర్వాత వార్షిక నివేదిక తిరగేస్తే అర్థమైంది. మూడో ఏడు డివిడెండ్ సున్నా. షేరు మూడో వంతుకి పడింది. ఆ లక్షా ఇరవై వేల నష్టం ఎదర నేను రెండు డివిడెండ్లు తిన్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కాబట్టి మీరు చూడాల్సిన మొదటి కాగితం లాభనష్టాల పట్టిక కాదు, నగదు ప్రవాహ పట్టిక, అంటే నిజంగా చేతికొచ్చిన, చేతిలోంచి పోయిన డబ్బు లెక్క. వార్షిక నివేదికలో ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్లోనో, బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలోనో దొరుకుతుంది. స్క్రీనర్ లాంటి సైట్లలో పదేళ్లవి ఒకే పేజీలో కనబడతాయి. ఒక్క ఏడాది చూస్తే మోసపోతారు, కనీసం ఐదేళ్లు కూడండి. ఐదేళ్ల నికర లాభం మొత్తం 100 అనుకుంటే, వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు 100 చుట్టుపక్కలో అంతకు మించో ఉండాలి. అందులోంచి కొత్త ఫ్యాక్టరీలకు, యంత్రాలకు పెట్టింది తీసేయండి, అది 30 అనుకుందాం. మిగిలిన 70లోంచి 60 డివిడెండ్ ఇస్తే దర్జాగా తీసుకోండి. అలా కాకుండా లాభం 100, చేతికొచ్చింది 55, ఫ్యాక్టరీలకు పెట్టింది 60, అయినా డివిడెండ్ 40 ఇచ్చారంటే ఆ 40 ఎవరి జేబులోంచి వచ్చిందో అప్పుల పద్దులో కనబడుతుంది. ఆ పక్కనే "రావలసిన బాకీలు" అమ్మకాల కంటే వేగంగా పెరుగుతున్నాయేమో చూడండి. పెరుగుతుంటే ఏదో ఊళ్లో ఒక గోడౌన్ ముందు రాత్రిపూట లారీ ఆగుతోందన్న మాట.

లాభంలో ఎంత వంతు పంచుతున్నారన్న దానికి అందరికీ ఒకే గీత గీయకండి. హిందుస్థాన్ యూనిలీవర్, నెస్లే లాంటివి లాభంలో చాలా భాగం పంచేస్తాయి, అయినా ఇబ్బంది లేదు, వాటికి వ్యాపారం పెరగడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. అదే పని ఒక పాల కంపెనీయో, కొత్తగా మూడు రాష్ట్రాలకు విస్తరిస్తున్న చిరుతిళ్ల కంపెనీయో చేస్తే నాకు అనుమానమే.

ప్రత్యేక డివిడెండ్లు వేరుగా తీసి చూడాలి. నెస్లే ఇండియా 2019లో మామూలు డివిడెండ్లు కాక షేరుకు 180 రూపాయల ప్రత్యేక డివిడెండ్ ఇచ్చింది, అప్పటి 10 రూపాయల ముఖ విలువ షేరు మీద. ఏళ్ల తరబడి పోగైన లాభంలోంచి ఒకసారి ఇచ్చింది అది. ఆ ఏడాది మొత్తం చూసి "అబ్బో, ఏటా ఇంత" అనుకున్నవాడికి మరుసటి ఏడు నిరాశే. సైట్లలో కనబడే రాబడి శాతం చాలాసార్లు ఇలాంటివి కూడా కలిపేసి చూపిస్తుంది.

ఇక ధర పెంచగల సత్తా. ఇది పెద్ద కంపెనీల నివేదికల్లో కన్నా కిరాణా కొట్లో బాగా తెలుస్తుంది. మన దగ్గర సగం వ్యాపారం 5, 10 రూపాయల ప్యాకెట్లదే. పామాయిల్ ధర పెరిగినా 10 రూపాయల ప్యాకెట్ 11 కాదు. చిల్లర ఎక్కడ తెస్తారు? బరువు తగ్గుతుంది. నాకో పిచ్చి అలవాటు ఉంది, ఒకే రకం 10 రూపాయల ప్యాకెట్ రేపర్లు ఏడాదికొకటి చొప్పున పాత డైరీలో అంటించి పెడతాను. ముందువైపు బొమ్మ అదే, రంగు అదే, వెనక కింది మూలన సన్నక్షరాల్లో ఉండే గ్రాముల అంకె మాత్రం మారుతుంటుంది. ఒకచోట "ఎక్స్‌ట్రా" అని ఎర్ర చుక్క పెట్టి, మునుపటి బరువు కన్నా తక్కువే ఇచ్చారు. బరువు తగ్గించినా జనం అదే ప్యాకెట్ అడిగి తీసుకుంటే ఆ బ్రాండుకి సత్తా ఉన్నట్టు. పక్కనున్న ప్యాకెట్‌కి చెయ్యి మారితే లేనట్టు. మీరు పట్నం బజారులో ఏదైనా హోల్‌సేల్ కొట్టు దగ్గర ఒక గంట నిలబడి చూడండి, "బిస్కెట్ ఇవ్వు" అంటున్నారా, పేరు పెట్టి అడుగుతున్నారా అని. పేరు పెట్టి అడిగే సరుకు కంపెనీకే స్టాకిస్టు ముందు డబ్బు కడతాడు. మొదట చెప్పిన నగదు లెక్క అంతా ఇక్కణ్నుంచే మొదలవుతుంది.

ముడిసరుకు ధర కంపెనీ చేతిలో ఉండదు, ప్రభుత్వం చేతిలోనూ కొంత ఉంటుంది. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెల దిగుమతి మీద కస్టమ్స్ సుంకం సున్నా నుంచి 20 శాతం చేశారు, 2025 మే ఆఖర్న 10కి దించారు. ఆ మధ్యలో చిరుతిళ్లు, బిస్కెట్లు చేసేవాళ్ల లాభాలు నలిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, నూడుల్స్, చాక్లెట్లు, కాఫీ లాంటివాటి మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. ఇలాంటివి వచ్చినప్పుడల్లా టీవీలో "ఈ షేర్లు కొనండి" అని హడావిడి చేస్తారు. దీర్ఘకాలానికి కొనేవాళ్లు ఒక్క త్రైమాసికం లాభం గురించి అంత కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది అమ్మకాల్లో ఎంత భాగం ధర పెంచడం వల్ల, ఎంత భాగం నిజంగా ఎక్కువ ప్యాకెట్లు పోవడం వల్ల అన్నది. ఫలితాలతో పాటు ఇచ్చే ప్రకటనలో "వాల్యూమ్ గ్రోత్" అని రాస్తారు. మూడు, నాలుగేళ్లుగా ప్యాకెట్ల సంఖ్య పెరగకుండా అమ్మకం విలువ మాత్రమే పెరుగుతుంటే నేను దూరంగా ఉంటాను.

బ్రాండు బలం ఎంతో తెలియాలంటే మ్యాగీ కథే చాలు. 2015 జూన్‌లో ఆహార భద్రతా సంస్థ ఆదేశాలతో దేశమంతటా మ్యాగీ వెనక్కి పోయింది, 30 వేల టన్నులకు పైగా ధ్వంసం చేశారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, నవంబరులో మళ్లీ కొట్లలోకి వచ్చింది. ఆ ఏడాది నెస్లే డివిడెండ్ తగ్గింది, మరుసటి ఏడు మళ్లీ పెరిగింది. ఐదు నెలలు అరలో లేని సరుకుని జనం మర్చిపోకుండా మళ్లీ అడిగి కొన్నారు. అయినా ఆ ఐదు నెలలు తన నెల ఖర్చంతా ఆ ఒక్క కంపెనీ డివిడెండ్ మీద పెట్టుకున్నవాడి పరిస్థితి ఊహించుకోండి.

యాజమాన్యం సంగతి కూడా చూడాలి. విదేశీ మాతృసంస్థ ఉన్నచోట రాయల్టీ (బ్రాండు, పరిజ్ఞానం వాడుకున్నందుకు దానికి కట్టేది) చూడండి, అది మీకు డివిడెండ్ రాకముందే అమ్మకాల మీద వెళ్లిపోయే డబ్బు. నెస్లే ఇండియా తన మాతృసంస్థకు అమ్మకాల్లో 4.5 శాతం కడుతోంది. దాన్ని మెల్లగా 5.25కి పెంచుదామని 2024లో ప్రతిపాదిస్తే మైనారిటీ వాటాదారులు ఓటేసి తిప్పికొట్టారు. అందుకే ఈమెయిల్లో ఓటింగ్ లింకు వస్తే పారేయకండి మాస్టారూ. మనవాళ్ల కంపెనీలైతే అదే గ్రూపులోని వేరే సంస్థలకు అప్పులు, డిపాజిట్లు ఇస్తున్నారేమో "సంబంధిత పక్షాల లావాదేవీలు" అన్న పేజీలో వెతకండి. విసుగ్గా ఉంటుంది ఆ పేజీ, అయినా చదవండి.

మన ప్రాంతం పేర్ల గురించి నాలుగు మాటలు. ఐటీసీ అంటే గుంటూరులో కొత్తగా చెప్పేదేముంది, పొగాకు బోర్డు మీ ఊళ్లోనే ఉంది. ఆశీర్వాద్ పిండి, సన్‌ఫీస్ట్ బిస్కెట్ చూసి చాలామంది దాన్ని ఆహార కంపెనీగా లెక్కేస్తారు. లాభంలో పెద్ద వాటా ఇప్పటికీ సిగరెట్లదే. 2024-25కి షేరుకు 14.35 ఇచ్చింది. 400 ధర దగ్గర కొన్నవాడికి 3.6 శాతం, ఈ గుంపులో బాగా ఎక్కువ. ఎక్కువ ఎందుకంటే సిగరెట్ మీద పన్ను ఎప్పుడు ఎంత పెంచుతారో ఢిల్లీకే తెలుసు, ఆ భయం ధరలో ఉంది. తీసుకుంటే తీసుకోండి, కానీ గోధుమపిండి డివిడెండ్ అనుకుని తీసుకోకండి.

మీ దుగ్గిరాల కంపెనీ, అంటే సీసీఎల్. పసుపు యార్డు ఊళ్లో, ఒక్క కాఫీ మొక్క లేనిచోట, అంత పెద్ద ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ పెట్టి ప్రపంచానికి అమ్ముతున్నారంటే నాకూ గర్వమే. కానీ దాని వ్యాపారంలో ఎక్కువ భాగం విదేశాల్లోని వేరే బ్రాండ్లకు కాఫీ చేసిచ్చేది. కాంటినెంటల్ పేరుతో సొంతంగా అమ్మేది తక్కువ భాగం. వియత్నాంలో కూడా ఫ్యాక్టరీ ఉంది. కెపాసిటీ పెంచడానికి పెట్టుబడి, కాఫీ గింజల ధర పెరిగితే నిల్వకు ఇంకా డబ్బు, దానికి అప్పు. ఎదిగే కంపెనీ అది. ఎదుగుదల కోసం ఉంచుకోండి, డివిడెండ్ జాబితాలో మాత్రం రాయకండి.

పాల కంపెనీల్లో లాభం పలుచన. రైతుకిచ్చే సేకరణ ధర ఒక రూపాయి అటూ ఇటూ అయితే ఆ త్రైమాసికం లాభం తారుమారు అవుతుంది. హెరిటేజ్ షేరు 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాల తర్వాత ఎగిరిన ఎగురుడు చూసి నన్ను చాలామంది అడిగారు, కొందామా అని. ఆ వారంలో పాల దిగుబడి ఏమీ మారలేదు కదా అన్నాను. ఇక మనం రోజూ వాడే వాటిలో పార్లే, అమూల్, ప్రియ పచ్చళ్లు, సంగం డెయిరీ ఇవేవీ మార్కెట్లో దొరికే షేర్లు కావు. ఎవరైనా "లిస్టింగ్‌కి ముందే ఇప్పిస్తా" అని ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఇంత చూశాక కూడా ధర దగ్గర తప్పు చేస్తే అంతా వృథా. హిందుస్థాన్ యూనిలీవర్ షేరు 2021 సెప్టెంబరులో 2,800 దాటింది. నాలుగేళ్ల తర్వాత 2025 సెప్టెంబరులో అంతకంటే దిగువనే ఉంది. కంపెనీకి ఏమీ కాలేదు, హార్లిక్సూ అమ్ముతోంది, సబ్బులూ అమ్ముతోంది, డివిడెండూ తప్పలేదు. కొన్నవాడే ముందే నాలుగేళ్ల ఎదుగుదలకి డబ్బు కట్టేశాడు. నేను పాటించేది సులువైన పద్ధతి: ఆ కంపెనీ పదేళ్లలో ఏటా ఇచ్చిన మామూలు డివిడెండ్‌ని ఆ ఏడాది సగటు ధరతో భాగించి ఒక కాగితం మీద రాసుకుంటాను. ఇవాళ్టి రాబడి ఆ పదేళ్ల సగటు కన్నా కిందుంటే ఆగుతాను, పైనుంటే కొద్దికొద్దిగా కొంటాను. పామాయిల్ ధర, వాన లేకపోవడం, జీఎస్టీ మార్పు అప్పుడు కొట్లలో పాత స్టాకు గందరగోళం లాంటి చిన్న కష్టాలకు ధర పడితే అదే మన అదను. బ్రాండుకే దెబ్బ తగిలితే కాదు.

పన్ను గురించి కొంచెం. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను కట్టేది కంపెనీ కాదు, మీరే. మీ జీతానికి కలిపి మీ శ్లాబులో పడుతుంది. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోసుకుంటారు. జీతం ఉన్నన్నాళ్లూ డివిడెండ్‌కి మీరనుకునే పూర్తి విలువ ఉండదు. రికార్డు తేదీ (డివిడెండ్ ఎవరికివ్వాలో కంపెనీ లెక్క తీసే రోజు) ముందురోజు కొనేసి డివిడెండ్ కొట్టేద్దామన్న తెలివి కూడా వద్దు, ఆ మరునాడు ధర కూడా దాదాపు అంతే తగ్గి తెరుచుకుంటుంది, పైగా వచ్చినదాని మీద పన్ను. డీమ్యాట్‌కి కలిపిన బ్యాంకు ఖాతా మార్చినప్పుడు అక్కడ కూడా మార్చండి, నామినీ పేరు రాయండి. ఏడేళ్లు ఎవరూ అడగని డివిడెండ్, దాంతో పాటు ఆ షేర్లు కూడా ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. మా చిన్నాన్నవి అలా పోయినవి తిరిగి తెచ్చుకోడానికి కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాం.

మరి 15 లక్షలు ఏం చేయాలంటారా? నేను సెబీ రిజిస్టర్డ్ సలహాదారుని కాను, నా ఇంట్లో అయితే ఏం చేస్తానో చెప్తాను. 10 లక్షలు బ్యాంకు ఎఫ్‌డీలో ఉంచి, 60 నిండగానే సీనియర్ సిటిజన్స్ స్కీములోకి మారుస్తాను. ఇల్లు గడిచేది దాంతో, మీ పెన్షన్‌తో. మిగిలిన 5 లక్షలు మూడు, నాలుగు కంపెనీల్లో, ఒకేసారి కాకుండా రెండేళ్ల మీద ఎనిమిది విడతలుగా, పైన చెప్పిన కాగితం చూసుకుంటూ పెడతాను. వచ్చిన డివిడెండ్లు రిటైరయ్యేదాకా తినకుండా మళ్లీ షేర్లే కొంటాను. 70 దాటాక ఆ డబ్బు మందులకో, మనవల ఫీజులకో అక్కరకొస్తుంది.

మీరు ఏవో నాలుగు కంపెనీలు అనుకునే ఉంటారు, పేర్లు రాయలేదు. వాటి ఐదేళ్ల నికర లాభం మొత్తం, వ్యాపారం నుంచి వచ్చిన నగదు మొత్తం, ఈ రెండంకెలు రాసి పంపండి, కలిసి చూద్దాం. దుగ్గిరాల షేర్లు ఎన్ని, ఏ ధర దగ్గర కొన్నారో కూడా రాయండి.